రెండో విడత రాకపోతే: కొత్తగా ప్రాజెక్టు వచ్చిన అధ్యాపకులకు

మా ల్యాబ్‌లో 35 లీటర్ల లిక్విడ్ నైట్రోజన్ డబ్బా ఒకటి ఉంది. లోపల ఎంత మిగిలిందో చూడటానికి చెక్క స్కేలు ముంచి, పది లెక్కపెట్టి, పైకి తీసి గాల్లో అటూ ఇటూ ఊపుతాం. నైట్రోజన్ తగిలినంత మేర తెల్లగా మంచు పడుతుంది. ఆ మంచు గీతే మాకు కొలత. 2022 అక్టోబరులో ఒక సోమవారం మా రీసెర్చ్ స్కాలర్ (పీహెచ్‌డీ విద్యార్థిని) ఆ స్కేలు పట్టుకుని నా గదికి వచ్చింది. గీత రెండంగుళాల దగ్గర ఉంది. "మేడమ్, ఈ వారం దాటదు" అంది. సప్లయర్‌కి అప్పటికే మూడు బిల్లులు బాకీ ఉన్నాం. నాలుగోసారి అప్పుగా పోయలేనన్నాడు, అతన్ని తప్పు పట్టలేను. ఆ డబ్బాలో మూడేళ్లు పెంచి దాచుకున్న కణాలున్నాయి.

కారణం ఒక్కటే. కేంద్ర శాఖ డబ్బిచ్చే మా మూడేళ్ల పరిశోధన ప్రాజెక్టుకి రెండో ఏడాది గ్రాంటు విడత రాలేదు. మీ గ్రాంటు తగ్గిస్తున్నాం అని ఎవరూ ఉత్తరం రాయలేదు. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అనేవారు. అలా ఏడు నెలలు గడిచాయి. పదిహేడేళ్లుగా ఆంధ్రలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ చెబుతూ, అయిదు ప్రాజెక్టులు నడిపి నేను నేర్చుకున్నది ఇదే: ఢిల్లీలో పడ్డ కోత మన ల్యాబ్‌కి ఆలస్యం రూపంలో వస్తుంది. కాబట్టి మీరు సిద్ధం కావాల్సింది ఆలస్యానికి. ఈ మధ్యే మొదటి ప్రాజెక్టు సాంక్షన్ అయిన ఇద్దరు ముగ్గురు కుర్ర అధ్యాపకులు ఏం చేయాలని నన్ను అడిగారు. వాళ్లకి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

డబ్బు ఎక్కడ ఆగుతుందో ముందు తెలుసుకోండి

ఫిబ్రవరి 1న పార్లమెంటులో పెట్టే బడ్జెట్‌లో ప్రతి శాఖకీ ఒక అంకె ఉంటుంది. దాన్ని బీఈ అంటారు, అంటే బడ్జెట్ అంచనా. పేపర్లలో వచ్చేది ఈ అంకే. ఆ తర్వాత అదే ఏడాదికి సవరించిన అంచనా ఒకటి తయారవుతుంది, అది ఆర్‌ఈ. దీని కసరత్తు సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో జరుగుతుంది. అప్పటిదాకా శాఖ ఎంత ఖర్చు చేసిందో చూసి, ఖర్చు కాదనుకున్నది వెనక్కి తీసుకుంటారు. మనకి తగిలే కోత ఎక్కువగా ఇక్కడే పడుతుంది. దీని మీద పెద్దగా వార్తలు రావు.

ఒక ఉదాహరణ చెబుతాను. పరిశోధనకి గ్రాంట్లిచ్చే జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కి 2023-24 బడ్జెట్‌లో 2,000 కోట్లు పెట్టారు. సవరించిన అంచనాకి వచ్చేసరికి అది 300 కోట్ల లోపుకు దిగింది. ఎందుకంటే ఆ సంస్థ చట్టం అమల్లోకి వచ్చిందే 2024 ఫిబ్రవరి 5న. అప్పటికి ఆర్థిక సంవత్సరంలో రెండు నెలలు కూడా మిగల్లేదు. ఆ ఏడాదంతా కొత్త పిలుపు ఎప్పుడొస్తుందా అని ప్రపోజల్ రాసి పెట్టుకుని ఎదురుచూసిన వాళ్లు నాకు తెలుసు. కాగితం మీద 2,000 కోట్లు, వాళ్ల చేతిలో ఏమీ లేదు.

ఇంకో నిబంధన కూడా గుర్తుంచుకోండి. కేంద్ర శాఖలు ఏడాది ఖర్చులో చివరి మూడు నెలల్లో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించకూడదని ఆర్థిక శాఖ నియమం. అంటే మీ కాగితాలు జనవరి దాటి వెళితే, శాఖ దగ్గర డబ్బున్నా విడుదల చేసే వీలు తగ్గిపోతుంది. ఎన్నికల ఏడాదైతే మరీ ఇబ్బంది. 2024లో ఫిబ్రవరిలో మధ్యంతర బడ్జెట్ వచ్చింది, పూర్తి బడ్జెట్ జులై 23న గానీ రాలేదు.

కాబట్టి ప్రతి ఫిబ్రవరిలో ఒక గంట కేటాయించి, ఇండియా బడ్జెట్ వెబ్‌సైట్‌లో వ్యయ బడ్జెట్ తెరిచి, మీకు గ్రాంటిచ్చే శాఖ పేజీ చూడండి. నాలుగు నిలువు వరుసలుంటాయి: కిందటేడాది అసలు ఖర్చు, ఈ ఏడాది బీఈ, ఆర్‌ఈ, వచ్చే ఏడాది బీఈ. మీ పథకం పేరు పక్కన బీఈ కంటే ఆర్‌ఈ బాగా తక్కువుంటే, వచ్చే విడత ఆలస్యమవుతుందని అనుకునే మీ ప్లాన్ వేసుకోండి. నేనీ పేజీని ప్రింట్ తీసి ల్యాబ్ గోడకి అంటిస్తాను. స్కాలర్లు కూడా చూస్తారు. చూడాలి కూడా, ఎందుకంటే అది వాళ్ల జీతం.

ప్రపోజల్ రాసేటప్పుడే

2021లో సాంక్షన్ అయిన ఆ ప్రాజెక్టులో నాకు 20 లక్షల సెంట్రిఫ్యూజ్ ఒకటి ఇచ్చారు. పరిశోధన పరికరాలకి అప్పట్లో జీఎస్‌టీ 5 శాతమే, అంటే లక్ష రూపాయలు. టెండరు రెండుసార్లు రద్దయింది. ఆర్డరు వెళ్లేసరికి 2022 జులై 18 దాటింది. ఆ రోజు నుంచి ఆ రాయితీ ఎత్తేశారు. పన్ను 18 శాతం పడింది, లక్ష కాస్తా 3 లక్షల 60 వేలయింది. తేడా 2 లక్షల 60 వేలు. అప్పటి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 31,000 కాబట్టి ఇది ఒక స్కాలర్‌కి ఎనిమిది నెలల స్టైపెండ్ కంటే ఎక్కువ. ఇది ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ కోతగా కనిపించదు. మా ల్యాబ్‌కి మాత్రం ఆ ఏడాది అన్నింటికంటే పెద్ద కోత అదే.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ రేట్లు మళ్లీ మారాయి. అందుకని కొటేషన్ తీసుకునేటప్పుడు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం వస్తువు రకాన్ని చెప్పే అంకె), పన్ను శాతం విడిగా రాయించుకోండి. దిగుమతి సరుకైతే డాలరు సంగతి కూడా చూసుకోవాలి. 2021లో 74 రూపాయల దగ్గరున్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. మూడో ఏడాది కొనే రసాయనాలకి మొదటి ఏడాది ధర వేస్తే, కోత మీ చేత్తో మీరే రాసుకున్నట్టు.

పరికరాన్ని మొదటి ఆరు నెలల్లోనే కొనేయండి. స్పెసిఫికేషన్లు, మూడు కొటేషన్లు, ఇండెంటు (కొనమని అడిగే) కాగితం సాంక్షన్ రాకముందే సిద్ధంగా ఉంచుకోండి. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్రీయ సంస్థల కొనుగోలు నిబంధనలు కొంత సడలించింది: కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకి, కొనుగోలు కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకి పెరిగింది. మీ విశ్వవిద్యాలయం దాన్ని పాటిస్తోందో లేదో ఫైనాన్స్ ఆఫీసర్‌ని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా చెప్పింది ఆడిట్‌లో నిలబడదు.

ఇక పని గురించి. మూడు లక్ష్యాలు రాస్తే, అందులో ఒకటి మొదటి ఏడాది డబ్బుతోనే పూర్తయ్యేలా ఉండాలి. మధ్యలో విడత ఆగినా చేతిలో ఒక పేపరుకి సరిపడా ఫలితం ఉంటుంది. మీ స్కాలర్ థీసిస్‌లో ఒక అధ్యాయం నిలుస్తుంది.

యూసీ: మన చేతిలో ఉన్నది ఇదొక్కటే

బడ్జెట్ మనం మార్చలేం. కానీ యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే గ్రాంటు ఎలా ఖర్చయిందో చూపే యూసీ, మన చేతిలో ఉంది. ఆలస్యాల్లో ఢిల్లీ వాటా ఎంతో, మన కాగితాల వాటా ఎంతో విడదీసి చూస్తే, సగం మన భవనంలోనే జరుగుతోందని నా అనుభవం. డబ్బు తక్కువున్న ఏడాది శాఖ ముందుగా ఎవరికి విడుదల చేస్తుంది? కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్లకి. కొర్రీ వేయగలిగిన ప్రతి ఫైలూ పక్కకి వెళుతుంది. ఆలోగా ఆర్‌ఈ వచ్చేస్తుంది.

ఆ ప్రాజెక్టుకి మొదటి ఏడాది యూసీ మేం 2022 ఏప్రిల్ చివర్లో పంపాం. జూన్‌లో తిరిగొచ్చింది. ఖాతాలో మార్చి 31న బ్యాంకు వేసిన వడ్డీ 1,840 రూపాయలు మేం చూపలేదు. మేం తీసుకున్న స్టేట్‌మెంటు 30వ తేదీది. ఆ వడ్డీని కేంద్రానికి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే భారత్‌కోష్ పోర్టల్‌లో కట్టి, రసీదు జతచేసి, ఖర్చుల పట్టిక మళ్లీ తయారుచేసి, ఆడిట్ ముద్ర వేయించి, ఫైనాన్స్ ఆఫీసర్, రిజిస్ట్రార్ సంతకాలు పెట్టించేసరికి అయిదు వారాలు పట్టింది. అది మళ్లీ వెళ్లేసరికి ఆగస్టు. 1,840 రూపాయల కోసం మేం వరుసలో ఎక్కడికో వెనక్కి పోయాం.

అప్పటి నుంచి ఇలా చేస్తున్నాను. ప్రతి నెలా 5వ తేదీలోగా ఖర్చు హెడ్‌ల వారీగా ఒక నోట్‌బుక్‌లో రాస్తాను: మ్యాన్‌పవర్, కన్స్యూమబుల్స్, ట్రావెల్, కంటింజెన్సీ, ఓవర్‌హెడ్ (సంస్థ నిర్వహణ వాటా), పరికరాలు. అకౌంట్స్ సెక్షన్ లెడ్జరుతో మూడు నెలలకోసారి పోల్చుకుంటాను. తేడా ఉంటే అప్పుడే తేలుతుంది, మార్చిలో అయితే ఎవరికీ తీరిక ఉండదు. యూసీ కేంద్ర ఆర్థిక నియమాల్లోని జీఎఫ్‌ఆర్ 12-ఎ ఫారంలోనే ఉండాలి. సాంక్షన్ ఆర్డరు నంబరు, తేదీ ఒక్క అక్షరం తేడా లేకుండా వేయాలి. ఏప్రిల్ 1న బ్యాంకుకి వెళ్లి 31వ తేదీ రాత్రి వరకూ ఉన్న స్టేట్‌మెంటు తెచ్చుకోవాలి. ఏప్రిల్ 15కల్లా సంతకాలు అయిపోవాలి. సంతకం పెట్టేవాళ్లు సెలవులో ఉంటారేమో మార్చిలోనే కనుక్కోండి. అకౌంట్స్‌లో మీ ఫైలు చూసే సూపరింటెండెంట్ గారితో ఏడాది పొడవునా మాట్లాడుతూ ఉండండి. మనకి ఒకటే ప్రాజెక్టు, ఆయన టేబుల్ మీద అరవై ఉంటాయి.

ఇప్పుడు చాలా పథకాల్లో డబ్బు మన ఖాతాలో పడదు. జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించి, దానికి ఖర్చు పరిమితి మాత్రమే ఇస్తారు. మార్చి 31తో వాడని పరిమితి పోతుంది. పాత పద్ధతిలో మిగిలిన డబ్బుతో ఏప్రిల్, మే నెలల స్టైపెండ్లు ఇచ్చేసేవాళ్లం. ఆ ఊపిరి ఇప్పుడు లేదు. కాబట్టి ఏప్రిల్ నుంచి కొత్త పరిమితి వచ్చేవరకూ ఎలా నడపాలన్నది జనవరిలోనే తేల్చుకోండి. రసాయనాలు ఫిబ్రవరిలోనే వచ్చి బిల్లు పాసయ్యేలా ఆర్డరు పెట్టండి. మార్చి 20 తర్వాత పెట్టిన బిల్లుకి ఎవరూ హామీ ఇవ్వలేరు.

డబ్బు నిజంగా ఆగిపోయినప్పుడు

మొదటి పని, స్కాలర్‌ని కూర్చోబెట్టి నిజం చెప్పడం. నేనది ఆలస్యంగా చేశాను. వచ్చే నెల వచ్చేస్తుందని మూడు నెలలు చెప్పాను. ఆ అమ్మాయిది ప్రొద్దుటూరు, నాన్న మగ్గం నేస్తాడు. ఆమె స్టైపెండ్‌లో సగం ఇంటికి వెళుతుందని నాకు తెలియదు. నవంబరులో ఒక సాయంత్రం అయిదింటికే ల్యాబ్ తాళం వేస్తుంటే ఎక్కడికని అడిగాను. ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెబుతున్నానంది. "మెస్ బిల్లు రెండు నెలలది కట్టాలి మేడమ్" అంది. అప్పటికి ఆమె కణాలకి మీడియం (పోషక ద్రవం) మార్చాల్సిన సమయాలన్నీ ట్యూషన్ సమయాలకి తగ్గట్టు జరిగిపోయాయి. ప్రయోగం ఎందుకు మళ్లీ మళ్లీ తప్పుతోందో నాకప్పుడు అర్థమైంది.

కాబట్టి ఒక నెల ఆలస్యం కాగానే చెప్పండి: ఏ కాగితం ఎక్కడుంది, ఎన్ని నెలలు పట్టొచ్చు, ఈలోగా నేనేం చేయగలను. ఇంట్లో పరిస్థితి అడగండి. హాస్టల్ వార్డెన్‌కి మీరే ఉత్తరం రాయండి, స్టైపెండ్ రావాల్సి ఉందని, మెస్ బకాయికి గడువు ఇమ్మని. స్కాలర్ వెళ్లి బతిమాలుకోవడం వేరు, డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం వెళ్లడం వేరు.

రెండోది, విశ్వవిద్యాలయం నుంచి అడ్వాన్సు. ప్రాజెక్టుల ఓవర్‌హెడ్ నుంచి విశ్వవిద్యాలయానికి కొంత చేరుతుంది. దానిలోంచి స్టైపెండ్‌ని అడ్వాన్సుగా ఇచ్చి, విడత రాగానే సర్దుబాటు చేసుకోమని అడగండి. ఉత్తరంలో నాలుగు విషయాలుండాలి: సాంక్షన్ ఆర్డరు నంబరు, యూసీ పంపిన తేదీ, నెలకి ఎంత, ఎన్ని నెలలకి. ఇప్పటి జేఆర్‌ఎఫ్ 37,000 కాబట్టి హెచ్‌ఆర్‌ఏ కాకుండా ఆరు నెలలకి 2,22,000. అంకె స్పష్టంగా ఉంటే సంతకం పెట్టేవాళ్లకి సులువు. ఇలా ఇచ్చింది తర్వాత గ్రాంటులోంచి తీసుకోవచ్చా అని గ్రాంటిచ్చే సంస్థని ముందే మెయిల్‌లో అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి. మా దగ్గర మొదటిసారి కుదరదన్నారు. ప్రాజెక్టులు నడిపే అధ్యాపకులం (పీఐలం) అయిదుగురం కలిసి సంతకాలు పెట్టి మళ్లీ అడిగితే చివరికి ఒప్పుకున్నారు. ఒంటరిగా అడగకండి.

మూడోది, ఏది ఆపాలి, ఏది ఆపకూడదు. మనిషి జీతం తర్వాత నేను కాపాడేది తిరిగి తెచ్చుకోలేనివి: దాచిన కణాలు, జంతువులు, మైనస్ 80 ఫ్రీజర్‌లోని నమూనాలు. కాన్ఫరెన్స్, పుస్తకాలు, కొత్త కిట్లు, పేపరు అచ్చు ఫీజు అన్నీ ఆగొచ్చు. ఆ అక్టోబరులో పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ల నైట్రోజన్ ఆర్డరులో మా డబ్బా కూడా కలిపి నింపించాను, వాళ్లకి మేం తర్వాత రెండుసార్లు నింపి ఇచ్చాం. ముఖ్యమైన కణాల్లో ఒక్కో రకం రెండేసి వయల్స్ (చిన్న సీసాలు) హైదరాబాద్‌లో ఒక స్నేహితురాలి ల్యాబ్‌కి పంపాను. మీరు ఇది డబ్బు ఉన్నప్పుడే చేయండి.

నాలుగోది, సొంత పరికరం లేకుండా పని. ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలో ఏ సంస్థలో ఏ పరికరం బయటివాళ్లకి ఇస్తారో చూసుకోవచ్చు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, కాలేజీల అధ్యాపకులకి టేర్ అనే పథకం ఉంది. దాంతో పెద్ద పరిశోధన సంస్థలో ఏడాదికి కొంతకాలం పనిచేయవచ్చు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ లాంటివి మనకి రైలు దూరంలోనే ఉన్నాయి.

శాఖకి రాసేటప్పుడు ఫిర్యాదులా రాయకండి. యూసీ చేరిన తేదీ, ఎన్ని నెలల స్టైపెండ్ బాకీ ఉంది, ఎవరి థీసిస్ ఆగింది, ఇంతే. నెలకోసారి అదే మెయిల్ కింద జవాబుగా పంపితే చరిత్ర అంతా ఒకచోట ఉంటుంది.

అంకె నిజంగానే తగ్గితే

కొన్నిసార్లు కోత నేరుగానే వస్తుంది. మైనారిటీ విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ని 2022-23 నుంచి ఆపేస్తున్నట్టు 2022 డిసెంబరులో లోక్‌సభలో చెప్పారు. ఒకే ఫెలోషిప్ మీద ఆశ పెట్టుకుని చేరాలనుకున్న పిల్లలకి దారి మూసుకుపోయింది. మీ దగ్గర చేరతామని వచ్చే విద్యార్థులకి కనీసం రెండు ఫెలోషిప్‌లకి దరఖాస్తు చేయమని చెప్పండి: సీఎస్‌ఐఆర్, యూజీసీ నెట్, డీబీటీ, ఐసీఎంఆర్, ఏది వర్తిస్తే అది.

ప్రాజెక్టు మొత్తమే తగ్గిస్తే, పని కూడా తగ్గించి రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఇంత డబ్బుకి ఈ లక్ష్యం వదులుకుంటున్నామని రాయకపోతే, చివరి సమీక్షలో మూడు లక్ష్యాలూ అడుగుతారు. అదనపు డబ్బు లేకుండా గడువు మాత్రం పెంచమని కూడా అడగొచ్చు. కానీ పెంచిన గడువులో స్కాలర్‌కి స్టైపెండ్ ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకున్నాకే అడగండి.

హక్కు పెరిగి డబ్బు పెరగని సందర్భం ఇంకొకటి ఉంది. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ 31,000 నుంచి 37,000 అయింది. సంతోషమే. అయితే మా పాత సాంక్షన్‌లో మ్యాన్‌పవర్ హెడ్ పాత లెక్కే. నెలకి 6,000 తేడాని సవరించిన సాంక్షన్ కోసం విడిగా అడగాల్సి వచ్చింది. అలాంటి పెంపు ప్రకటన రాగానే ఆ వారంలోనే లెక్క కట్టి పంపేయండి.

మా రెండో విడత 2023 మార్చి మొదటి వారంలో వచ్చింది. విడుదల ఆర్డరు రాగానే మీరు చేయాల్సింది: హెడ్‌ల వారీగా ఎంత వచ్చిందో మీరు అడిగినదానితో పోల్చండి. అదే రోజు స్కాలర్ బకాయిల బిల్లు పెట్టండి, మిగతా బిల్లులన్నీ దాని తర్వాతే. పోర్టల్‌లో చెల్లింపు పడిందో లేదో మీరే చూసి స్కాలర్‌కి ఫోన్ చేయండి. మా అమ్మాయికి ఏడు నెలల డబ్బు ఒక్కసారిగా 2 లక్షల 17 వేలు పడింది. ఆమె ముందు మెస్‌కి కట్టింది, ఇంటికి పంపింది, ట్యూషన్ పిల్లలకి పరీక్షలయ్యే దాకా చెప్పి మానేసింది. తర్వాతి సోమవారం మంచు గీత పదకొండు అంగుళాలుంది. ఆ రోజే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, పైన రెండో ఏడాది యూసీ తేదీ రాసుకున్నాం.